దిద్దుబాటు, మొహమాటం: తెలుగు వికీపీడియా చర్చల్లో విమర్శ భాష

1. ప్రవేశిక

తెలుగులో ‘దిద్దు’ ధాతువుకు రెండు ముఖాలు ఉన్నాయి. గురువు పలక మీద రాసి ఇచ్చిన అక్షరం మీదుగా పిల్లవాడు బలపాన్ని మళ్లీ మళ్లీ నడపడం దిద్దడమే; ఆ పిల్లవాడు తప్పు రాస్తే గురువు సరిచేయడమూ దిద్దడమే. నేర్చుకొనేవాని పనికీ నేర్పేవాని పనికీ ఒకే క్రియ చెల్లడం గమనార్హం. బొట్టు దిద్దడం, మీసం దిద్దడం వంటి ప్రయోగాల్లో తీరుగా తీర్చడమనే అర్థచ్ఛాయ కూడా దానికి చేరింది. తెలుగు వికీపీడియాలో వ్యాసానికి చేసే ప్రతి మార్పునూ ‘దిద్దుబాటు’ అంటారు. మార్పుకు కారణం తెలిపే ఒక్క పంక్తి ‘దిద్దుబాటు సారాంశం’. కొత్తగా రాసినదీ దిద్దుబాటే, దాన్ని సవరించినదీ దిద్దుబాటే, సవరణను రద్దు చేసినదీ దిద్దుబాటే. ఈ పారిభాషిక పదాన్ని స్థిరపరచినవారు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, స్వచ్ఛంద విజ్ఞానసర్వస్వ రచనలోని మూలసూత్రం ఆ పదంలోనే ఇమిడి ఉంది. అక్కడ ప్రతివారూ ఏకకాలంలో దిద్దేవారు, దిద్దించుకొనేవారు.

2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాపై జరిగిన ఆలోచన అధికభాగం వ్యాసాల సంఖ్య, యూనికోడ్ వ్యాప్తి, పారిభాషిక పదకల్పన చుట్టూ తిరిగింది. ప్రతి వ్యాసానికీ వెనుక ఉండే చర్చాపేజీని, సముదాయమంతా కూడే ‘రచ్చబండ’ను, సభ్యులు పరస్పరం రాసుకొనే సూచనలను వచన రచనగా చదివే ప్రయత్నం తగినంత జరగలేదు. ఆ వచనంలో తప్పు చెప్పే తీరునూ, చెప్పించుకొనే తీరునూ పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ఇందులో ఉదాహరించిన వాక్యాలు అక్కడి వ్యవహార సరళికి నమూనాలుగా కూర్చినవి. ఏ సభ్యుని రాతకూ ఉద్ధరణలు కావు. స్వచ్ఛంద సంపాదకత్వంలో కటువుతనం ఎంత ప్రమాదమో, మన సామాజిక వ్యవహారంలోని మొహమాటం అంతే ప్రమాదమనీ, ఈ రెంటికీ విరుగుడు నిర్దిష్టతేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. రెండు సంపాదకత్వాలు

తెలుగులో ఆధునిక విజ్ఞానసర్వస్వ రచనకు పునాది వేసిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు (1877–1923) సంపాదకత్వం వ్యక్తికేంద్రితం. 1906లో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి అనుభవంతో ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొన్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి వారు తోడుగా నిలిచినా, పథకమూ ప్రమాణమూ ప్రధానంగా ఒకరి చేతిలోనే ఉండేవి. అకారాది క్రమంలో తొలి అక్షరం దాటకుండానే ఆయన మరణంతో ఆ పని ఆగింది; తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు దాని పునరుద్ధరణకు పూనుకొన్నారు. ఇటువంటి సంపాదకత్వంలో తప్పొప్పుల విచారణ అచ్చుకు ముందు జరుగుతుంది. దిద్దుబాట్లతో నిండిన చిత్తుప్రతులు పాఠకుని కంటపడవు. అచ్చయ్యాక బయటపడినవి మాత్రం గ్రంథాంతంలో ‘తప్పొప్పుల పట్టిక’గా చేరతాయి. ఆ పట్టికలో తప్పు ఉంటుంది, ఒప్పు ఉంటుంది. తప్పు చేసినవారి పేరు, పట్టుకొన్నవారి పేరు ఉండవు.

వికీపీడియాలో ఈ క్రమం తారుమారైంది. ముందు ప్రచురణ, తరువాత పరిశీలన. ఎవరు ఏ పూట ఏ అక్షరం మార్చారో పేజీ చరిత్రలో శాశ్వతంగా నిలుస్తుంది. పరిశోధన పత్రికల పరిశీలకుడు తన పేరు తెలియకుండా, రచయితకు మాత్రమే చేరేలా అభిప్రాయం రాస్తాడు. వికీ పరిశీలకుని మాట మాత్రం లోకమంతటికీ కనబడుతుంది. ‘రచ్చబండ’ అనే పేరులోని ధ్వని ఇక్కడ ఆలోచించదగినది. గ్రామంలో రచ్చబండ పదిమందీ కూడి మంచిచెడ్డలు మాట్లాడుకొనే చోటు. ‘రచ్చకెక్కడం’ మాత్రం పరువు పోవడానికి పర్యాయం. బహిరంగ చర్చ పట్ల మన సమాజానికి ఉన్న గౌరవమూ భయమూ ఈ ఒక్క మాటలో పక్కపక్కనే ఉన్నాయి. ఏకాంతంలో చెబితే మేలుగా తోచే సూచన నలుగురిలో చెబితే నిందగా మారే అవకాశం ఉంది. కాబట్టి వికీ చర్చలో భాష మోయవలసిన భారం అచ్చుప్రతి అంచున రాసే గుర్తు మోసేదానికన్నా చాలా ఎక్కువ.

3. తప్పు చెప్పే వాక్యం

ఈ భారాన్ని తెలుగు వాక్యం ఎలా మోస్తున్నదో కొన్ని నమూనాలతో పరిశీలించవచ్చు.

(అ) ఈ వ్యాసం తొలగించబడింది.
(ఆ) మూలాలు ఇవ్వగలరు.
(ఇ) మీకు కనీస నియమాలు కూడా తెలియవు.
(ఈ) రెండో పేరాలోని శాసనం తేదీకి ఆధారం కనబడలేదు. ఏ సంపుటం నుంచి తీసుకొన్నారో చెబితే నేనే చేరుస్తాను.

మొదటిది మూసల భాష. కొత్తవారికి పంపే హెచ్చరికలు, తొలగింపు ప్రతిపాదనలు ముందే రాసిపెట్టిన మూసల ద్వారా వెలువడతాయి. వాటిలో అధికభాగానికి మాతృక ఆంగ్లం. ‘-బడు’ ప్రయోగం వాడుక తెలుగులో అరుదు. వచ్చినప్పుడు అది కార్యాలయ ప్రకటనను గుర్తు చేస్తుంది. ఇక్కడ అది కర్తను మరుగుపరుస్తుంది. ఎవరు తొలగించారో, ఎవరిని అడగాలో తెలియని కొత్త సభ్యునికి ఎదురుగా ఒక మనిషి కాక ఒక కచేరీ నిలబడినట్లు తోస్తుంది. ‘తొలగించాను’ అన్న క్రియలో కఠినత్వం ఎక్కువగా కనబడినా, అందులో బాధ్యత వహించే వ్యక్తి ఉన్నాడు, అతనితో మాట్లాడవచ్చు. ప్రతి మూస మొదట్లోనూ ‘దయచేసి’ చేర్చడం కూడా ఇటువంటిదే. తెలుగులో మర్యాద ప్రధానంగా ‘-అండి’ వంటి క్రియాప్రత్యయంలో ఉంటుంది. క్రియలోనే ఉన్న మర్యాదకు బయటి నుంచి మరొక మాట తగిలించినప్పుడు అది పలకరింపుగా గాక బల్ల మీద అంటించిన నోటీసుగా వినిపిస్తుంది.

రెండో వాక్యంలోని ‘-గలరు’ ఉత్తరప్రత్యుత్తరాల భాష నుంచి వచ్చింది. సామర్థ్యార్థకం అభ్యర్థనగా మారిన ప్రయోగం ఇది. వినయం ఉంది గాని విధి లేదు. మూలాలు ఇవ్వడం ఐచ్ఛికమో, ఇవ్వకపోతే వ్యాసం నిలవదో ఈ వాక్యం చెప్పదు. ‘మూలాలు లేకపోతే ఈ పేరాను ఉంచలేం’ అనే పరిణామాన్ని దాచిన వినయం చివరకు వినయంగా మిగలదు. పదిరోజుల తరువాత ఆ పేరా కనబడకుండా పోయినప్పుడు సభ్యునికి ముందు కనిపించిన మర్యాద మోసంగా తోస్తుంది.

మూడో వాక్యంలో దెబ్బ నామవాచకాల్లో లేదు. ‘కనీస’, ‘కూడా’ అనే చిన్న మాటల్లో ఉంది. తెలుగు విమర్శలో పరుషత్వం తరచు ఇటువంటి విశేషణాలు, నిపాతాల ద్వారా, ‘ఇదేనా వ్యాసం?’, ‘ఇంకా ఎన్నిసార్లు చెప్పాలి?’ వంటి జవాబు కోరని ప్రశ్నల ద్వారా ప్రవేశిస్తుంది. గౌరవవాచకాలు దీన్ని ఆపలేవు. పైగా, అంతవరకు చనువుగా సాగిన సంభాషణలో హఠాత్తుగా ‘గారు’, ‘తమరు’, ‘తమ పాండిత్యం’ పెరగడం మన వ్యవహారంలో కోపానికి సూచన. అందువల్ల చర్చాపేజీలోని మర్యాదను గౌరవవాచకాల లెక్కతో కొలవడం పొరపాటు. వాక్యానికి కర్త ఎవరన్నది మరింత నమ్మదగిన కొలత. ‘ఈ పేరాకు ఆధారం లేదు’ అన్నప్పుడు విచారణకు వచ్చినది పేరా; ‘మీరు ఆధారం లేకుండా రాస్తారు’ అన్నప్పుడు విచారణకు వచ్చినది మనిషి స్వభావం.

నాలుగో వాక్యంలో పొగడ్త లేదు, క్షమాపణ లేదు. స్థలం ఉంది, లోపం ఉంది, కావలసినదేమిటో ఉంది, చెప్పినవారు పంచుకొనే శ్రమ ఉంది. అది చదివినవారికి తరువాత చేయవలసిన పని తెలుస్తుంది. మంచి సూచనను గుర్తించడానికి ఈ గుణం చాలు.

4. వాదం, జల్పం, వితండ

చర్చ ముదిరినప్పుడు దాన్ని వర్గీకరించడానికి న్యాయశాస్త్రం చూపిన త్రివిధ విభజన ఉపకరిస్తుంది. తత్త్వనిర్ణయం కోసం సాగేది వాదం. గెలుపు కోసం ఛలం, జాతి, నిగ్రహస్థానాలను ఆశ్రయించేది జల్పం. స్వపక్షస్థాపన లేకుండా పరపక్షాన్ని ఖండించడమే పనిగా పెట్టుకొన్నది వితండ.

ఒక సందర్భాన్ని ఊహించవచ్చు. నన్నెచోడుని గురించిన వ్యాసంలో ఒక సభ్యుడు ఆయన నన్నయకు పూర్వుడని నిర్ధారణగా రాశాడనుకొందాం. 1909లో కుమారసంభవాన్ని వెలువరించిన మానవల్లి రామకృష్ణకవి ప్రతిపాదన అది. దాన్ని అంగీకరించని పండితులు ఎందరో ఉన్నారు. ‘ఈ కాలనిర్ణయం వివాదాస్పదం, ప్రతిపాదననూ ఖండననూ ఎవరెవరివో చెప్పి రెండూ ఇద్దాం’ అనడం వాదం. వికీపీడియా ‘తటస్థ దృక్కోణం’, ‘నిర్ధారత్వం’ అని పిలిచే నియమాలు కోరేది ఇదే. ‘గత నెల మీరు మరో కవి విషయంలో ఇలాగే పొరబడ్డారు’ అనడం జల్పం. ఏ పాఠం ఉండాలో చెప్పకుండా ఎదుటివారు రాసిన ప్రతి పాఠాన్నీ రద్దు చేస్తూ పోవడం వితండ. రద్దు ఒక్క మీటతో జరిగిపోతుంది. దానికి కారణం రాయవలసిన చోటు ఖాళీగా వదిలేయవచ్చు. కాబట్టి వితండకు ఇంత అనువైన సాధనం పూర్వపు వాదసభల్లో లేదనవచ్చు.

న్యాయసూత్రాల నాలుగో అధ్యాయం వాదం ఎవరితో చేయాలో కూడా చెబుతుంది. శిష్యుడు, గురువు, సహాధ్యాయి మొదలైన అసూయలేనివారితో చేయాలన్నది దాని తాత్పర్యం. వికీ సంపాదకుల నడుమ సంబంధాన్ని యజమాని–ఉద్యోగి నమూనాతో గాని, పరీక్షకుడు–అభ్యర్థి నమూనాతో గాని వివరించలేం. సహాధ్యాయి అన్న మాట అక్కడ సరిగ్గా అతుకుతుంది. అదే అధ్యాయం జల్పవితండలను పూర్తిగా వెలివేయలేదు. మొలకలను కాపాడడానికి ముళ్లకంప పాతినట్లు తత్త్వనిశ్చయాన్ని కాపాడడానికి అవి పనికివస్తాయన్నది. వికీపీడియాలో అసంపూర్ణమైన చిన్న వ్యాసాన్ని ‘మొలక’ అంటారు. ఉద్దేశపూర్వకమైన దుశ్చర్య నుంచి, ప్రచారపు రాతల నుంచి మొలకలను కాపాడడానికి రద్దులు, నిరోధాలు అనే కంప అవసరమే. కంప పాతేవాడు నీళ్లు పోయడానికి వచ్చినవానికీ పశువుకూ భేదం గుర్తించకపోవడమే ఇక్కడి విషాదం.

ఈ విషాదానికి ఆంగ్ల వికీపీడియా చరిత్రలో సాక్ష్యం ఉంది. అక్కడ క్రియాశీల సంపాదకుల సంఖ్య 2007లో శిఖరాన్ని అందుకొని తరువాత తగ్గింది. ఆరన్ హాల్ఫేకర్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం, సదుద్దేశంతో వచ్చిన కొత్తవారి రచనలు కూడా ఎక్కువగా తిరస్కారానికి గురికావడం, ఆ తిరస్కారం తరచు స్వయంచాలక ఉపకరణాల ద్వారా రావడం వారు నిలవకపోవడానికి ముఖ్య కారణాలుగా చూపింది. దుశ్చర్యల నుంచి కాపాడడానికి కట్టిన కంచె కొత్తవారిని ఆపింది. కొత్తవారు ప్రశ్నలు అడిగి జవాబులు పొందడానికి 2012లో ‘టీహౌస్’ అనే వేదికను ఏర్పరచడం ఈ ఎరుక ఫలితమే.

5. వినేవారు లేని విమర్శ

తెలుగు అనుభవంలో దీనికి వ్యతిరేకమైన మరొక ఉదంతం ఉంది. 2009 ప్రాంతం నుంచి 2011 వరకు గూగుల్ సంస్థ తన అనువాద ఉపకరణం సాయంతో, వేతనం పొందే అనువాదకుల చేత, ఆంగ్ల వికీపీడియా వ్యాసాలను తెలుగు, తమిళం, బెంగాలీ మొదలైన భారతీయ భాషల్లోకి తెచ్చింది. వ్యాసాలు పొడవైనవి, భాష తరచు ఆంగ్ల వాక్యనిర్మాణానికి బందీ. లోపాలను స్వచ్ఛంద సంపాదకులు గుర్తించారు. అయితే అనువాదకుని జవాబుదారీ తనకు పని అప్పగించిన వ్యవస్థకే గాని సముదాయానికి కాదు. చర్చాపేజీలో రాసిన సూచన అతనికి చేరాలన్న ఏర్పాటు ఆ పనివిధానంలో లేదు. తమిళ సంపాదకులు నాణ్యత, అంశాల ఎంపిక విషయాల్లో సంస్థతో సంప్రదింపులు జరిపి, తమ సమీక్షను 2010లో పోలెండులోని గ్డాన్‌స్క్ నగరంలో జరిగిన వికీమేనియా సదస్సులో వినిపించారు. తెలుగులో ఆ వ్యాసాలు చాలాకాలం అలాగే నిలిచి, ఏళ్ల తరువాత తొలగింపు చర్చకు వచ్చాయి.

ఈ ఉదంతాన్ని యంత్రానువాద వైఫల్యంగా మాత్రమే చూడడం చాలదు. యంత్రం చేసిన తప్పులను మనుషులు దిద్దవచ్చు. తప్పు చేసినవారికి తప్పు తెలిసే దారి లేకపోవడమే అసలు లోపం. ఒకే దోషం వందల వ్యాసాల్లో పునరావృతమైనా, మొదటి వ్యాసం మీది విమర్శ రెండో వ్యాసాన్ని బాగుచేయలేకపోయింది. దిద్దేవారు ఉన్నారు, దిద్దించుకొనేవారు లేరు. ధాతువులోని ఒక ముఖం చెరిగిపోయినప్పుడు విజ్ఞానసర్వస్వం గోదాముగా మారుతుంది.

6. మొహమాటం

కటువుతనం గురించి, నిర్లక్ష్యం గురించి ఇతర భాషల వికీపీడియాల అధ్యయనాలు చాలా చెప్పాయి. చిన్న సముదాయాల్లో వీటికి తోడయ్యే మూడో దోషం మొహమాటం. తెలుగు వికీపీడియాలో నిలకడగా రాసేవారు కొద్దిమంది. రాసేవారు, పరిశీలించేవారు, తీర్పు చెప్పేవారు చాలావరకు వారే. సమావేశాల్లో కలుసుకొంటారు, వయసులో పెద్దలు, విశ్రాంత ఉద్యోగులు, విద్యార్థులు ఒకే బంతిలో భోంచేస్తారు. అటువంటి చోట పెద్దవారి వ్యాసంలో ఆధారం లేని వాక్యం కనబడితే చెప్పడానికి నోరు రాదు. ‘బాగుంది, అభినందనలు’ అని రాసి వెళ్లడం తేలిక.

ఈ మొహమాటం నుంచి పుట్టినదే మౌన దిద్దుబాటు. కొత్త సభ్యుడు రాసిన వ్యాసంలోని అక్షరదోషాలను, వర్గాల లోపాన్ని, మూలాల అమరికను అనుభవజ్ఞుడు చడీచప్పుడు లేకుండా సరిచేస్తాడు. ఉద్దేశం ఉదాత్తం, వ్యాసం బాగుపడుతుంది. కాని రాసినవానికి ఏదీ తెలియదు. మరుసటి వారం అవే దోషాలతో మరో వ్యాసం వస్తుంది. మళ్లీ మౌనంగా దిద్దుతారు. ఇలా కొంతకాలం గడిచాక దిద్దేవాని ఓర్పు నశించి, ఇంతకాలం అణచుకొన్నదంతా ఒకే పేరాలో బయటపడుతుంది. తనకు మొదటిసారి అందిన మాట అది కావడంతో రాసినవాడు నివ్వెరపోతాడు. కటువుతనమూ మొహమాటమూ పరస్పర విరుద్ధాలుగా కనబడినా, ఒకదాని కడుపున మరొకటి పుడుతున్నదని ఈ క్రమం వల్ల తెలుస్తుంది.

ప్రమాణాల కోసం కటువుగా ఉండక తప్పదనే వాదం కూడా వినబడుతుంది. పాఠకుని పట్ల బాధ్యత రచయిత మనసు కన్నా మిన్న అన్నది దాని బలం. ఆ ప్రాధాన్యక్రమంతో విభేదించనక్కరలేదు. కాని పరుషవాక్యం ప్రమాణాన్ని పెంచినట్లు భావించడంలో హేతువు లోపిస్తుంది. ‘చెత్త వ్యాసం’ అన్న మాటలో ఏ వాక్యం చెడ్డదో లేదు. ‘చక్కని వ్యాసం’ అన్న మాటలో ఏది చక్కనిదో లేదు. రెండూ ఒకే జాతి వాక్యాలు. రెంటిలోనూ చదివిన శ్రమకు గుర్తు లేదు. కావ్యావతారికల్లో సుకవి స్తుతి, కుకవి నింద పక్కపక్కనే ఉండడం మన సంప్రదాయం. ఆ కుకవి ఎవరో, ఏ పద్యంలో ఏ దోషం చేశాడో అక్కడ సాధారణంగా కనబడదు. చర్చాపేజీలో స్తుతినిందలు రెండూ ఆ అవతారికా పద్ధతినే అనుసరిస్తున్నాయి. అక్కడ కావలసినది వ్యాఖ్యాతల పద్ధతి.

7. స్వీకర్త ధర్మం

దిద్దించుకొనేవాని పక్షం కూడా పరిశీలించాలి. వికీపీడియాలో వ్యాసానికి యజమాని లేడన్నది నియమం. కాని రాత్రుళ్లు కూర్చుని, సొంత పుస్తకాలు తిరగేసి రాసినవానికి జీతం లేదు. వ్యాసం మీద పేరు కూడా లేదు. అతనికి మిగిలినది ‘ఇది నేను రాశాను’ అనే తృప్తి ఒక్కటే. నియమం ఆ తృప్తినే వదులుకొమ్మంటున్నది. స్వచ్ఛంద సంపాదకుడు చిన్న సవరణకు కూడా నొచ్చుకోవడాన్ని అహంకారంగా కొట్టివేసేవారు ఈ లెక్కను గమనించాలి. తాళపత్ర లేఖకులు గ్రంథాంతంలో తమ తప్పులను మన్నించి సరిదిద్దుకొమ్మని చదువరులను వేడుకొనేవారు. ఆ విన్నపం లాంఛనమే కావచ్చు. అయినా దాన్ని రాసిన చేయి ముందుగానే దిద్దుబాటుకు ఒప్పుకొన్నది. సవరణ అనుమతితో వస్తే సహాయం, అనుమతి లేకుండా వస్తే చొరబాటు. వికీపీడియాలో ఈ అనుమతి రాతను ప్రచురించే మీటలోనే నిక్షిప్తమై ఉందని పాతవారికి తెలుసు. కొత్తవారికి అది ఎవరో ఒకరు మాటల్లో చెప్పాలి.

గురజాడ అప్పారావు 1910లో ప్రచురించిన ‘దిద్దుబాటు’ కథ ఇక్కడ ప్రస్తావనార్హం. దారి తప్పుతున్న భర్తను కమలిని వాదించి ఓడించదు. ఒక ఉత్తరం, కొంతసేపు కనబడకపోవడం మాత్రమే ఆమె ఉపాయాలు. తన తప్పు తానే గుర్తించే అవకాశం గోపాలరావుకు ఇస్తుంది. కథ చివరకు ఆమె ఇంట్లోనే ఉంది, సంబంధం తెగలేదు. దిద్దుబాటు సఫలం కావడానికి రెండు షరతులు ఈ కథలో ఉన్నాయి: దిద్దబడేవాడు తానుగా చూడడానికి చోటు ఉండడం, దిద్దినవారు దిద్దాక కూడా మిగిలి ఉండడం. హెచ్చరిక మూస అంటించి మరలిపోయే పద్ధతిలో ఈ రెండో షరతు ప్రతిసారీ భంగపడుతున్నది. సంతకం చేసి, జవాబు కోసం మర్నాడు మళ్లీ వచ్చి చూసేవారి సూచన పరుషంగా ఉన్నా నిలుస్తుంది.

8. ముగింపు

తెలుగు వికీపీడియాలో ఒక సంపాదకుని నిష్క్రమణ వేల సంఖ్యలో ఒకటి తగ్గడం వంటిది కాదు. ఒక జిల్లా గ్రామాలనో, ఒక శాస్త్రశాఖనో, శాసనాలనో చూసుకొనే ఏకైక వ్యక్తి వెళ్లిపోవడం కావచ్చు. ఆ ఖాళీని అంతర్జాలంలో తెలుగు వెదికే విద్యార్థి అనుభవిస్తాడు. నేడు తెలుగు వచనం మీద శిక్షణ పొందే యంత్రాలు కూడా అక్కడి తప్పులనే నేర్చుకొంటాయి. కాబట్టి తప్పు ఎలా చెప్పాలన్నది మర్యాదకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు; తెలుగులో విజ్ఞానం నిలుస్తుందా అన్న ప్రశ్న.

ఈ విషయంలో తెలుగు శాఖల బాధ్యత స్పష్టం. మూసల భాషను అనువాద వాసన నుంచి విడిపించి, కర్త కనబడే తెలుగులో తిరిగి రాయడం భాషాశాస్త్ర విద్యార్థులు చేయగల పని. చర్చాపేజీలు బహిరంగమైనవి, తేదీలతో భద్రమైనవి. ఇరవై ఏళ్ల తెలుగు వాదసరళికి అవి అరుదైన ఆకరం. అన్నిటికన్నా ముఖ్యంగా, పాఠ్యప్రణాళికలో వ్యాసరచన నేర్పుతున్నంత శ్రద్ధగా ఇతరుల వ్యాసాన్ని చదివి ఒక పేరా సూచన రాయడం మనం నేర్పడం లేదు. విద్యార్థి చేతికి అందేది మార్కు. ఎక్కడ ఎందుకు తగ్గిందో చెప్పే వాక్యం అరుదుగా అందుతుంది. ఎన్నడూ అందుకోని వాక్యాన్ని అతడు మరొకరికి రాయలేడు. చర్చాపేజీలోని కటువుతనానికీ మొహమాటానికీ మూలాలు వెదికితే వాటిలో కొన్ని మన తరగతి గదుల్లోనే కనబడతాయి. దిద్దడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.